విశ్లేషణ: మేపుల్ సిరప్ సీజన్ భారమంతా ఆర్‌ఓ పొర మీదే

కెనడాలోని క్యుబెక్ ప్రావిన్సులోనూ, దానికి దక్షిణాన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలోనూ ఫిబ్రవరి సగం గడిచేసరికి మేపుల్ సాగుదారుల దృష్టి అంతా ఉష్ణమాపకం మీదే ఉంటుంది. రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోయి, పగటిపూట తిరిగి సున్నాను దాటినప్పుడే మేపుల్ చెట్టు నుంచి తీపి రసం కారుతుంది. ఇలాంటి రోజులు ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతాయి. చెట్ల మొగ్గలు విచ్చుకోవడం మొదలైతే రసం రుచి చెడి సీజన్ ముగిసిపోతుంది. అయితే ఆ కొద్ది వారాల రాబడిని తేల్చే పని చాలావరకు అడవిలో జరగదు. రసం వండే షుగర్‌హౌస్‌లో ఓ మూలన, గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచిన చిన్న గదిలో, తొలి చుక్క రాలకముందే జరుగుతుంది. ఆ గదిలో ఉండేది రివర్స్ ఆస్మోసిస్ యంత్రం. మన ఇళ్లలో, ఊళ్లలోని మంచినీటి కేంద్రాల్లో ‘ఆర్‌ఓ’ అని పిలుచుకునేది ఇదే.

సూత్రం ఒకటే అయినా ప్రయోజనం మాత్రం తలకిందులు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ కేంద్రంలో పొరను దాటి వచ్చిన నీటిని డబ్బాల్లో నింపుకొంటారు. పొరకు ఇవతల మిగిలిపోయిన చిక్కటి ఉప్పునీటిని వదిలేస్తారు. మేపుల్ షుగర్‌హౌస్‌లో పొర దాటిన నీరు ఉపఉత్పత్తి మాత్రమే. ఇవతల మిగిలిన తీపి ద్రవమే అసలు సరకు. చక్కెర అణువులు పొరను దాటలేవు, నీటి అణువులు దాటగలవు. ఆ ఒక్క తేడా మీద ఉత్తర అమెరికాలోని ఒక వ్యవసాయ రంగం ఆధారపడి నడుస్తోంది.

ఈ యంత్రం అక్కడ ఎందుకు అనివార్యమైందో తెలియాలంటే రసంలోని తీపిని చూడాలి. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే చెరకు రసంలో చక్కెర సుమారు 18 నుంచి 20 శాతం ఉంటుంది. తాటి నీరాలోనూ 10 శాతానికి పైగా ఉండటం మామూలే. మేపుల్ రసంలో ఉండేది 2 శాతమే. కొన్ని చెట్లలో అంతకన్నా తక్కువ. క్యుబెక్‌లోని ఫ్రెంచి భాషీయులు దాన్ని రసమనైనా అనరు, ‘మేపుల్ నీరు’ అంటారు. నోట్లో వేసుకుంటే ఆ పేరే సబబనిపిస్తుంది. ఈ నీటిని 66 శాతం చక్కెర ఉండే పాకంగా మార్చాలి. లీటరు సిరప్‌కు ఎన్ని లీటర్ల రసం కావాలో తేల్చడానికి సాగుదారులు వాడే లెక్క చాలా సులువు: 86ను రసంలోని చక్కెర శాతంతో భాగించాలి. రెండు శాతం రసమైతే 43 లీటర్లు. అంటే లీటరు సిరప్ కోసం 42 లీటర్ల నీటిని ఆవిరి చేయాలి. కేవలం మంట మీదే ఆ పని చేస్తే లీటరు సిరప్‌కు దాదాపు నాలుగు లీటర్ల చమురు ఖర్చవుతుంది.

అదే రసాన్ని ముందుగా ఆర్‌ఓ ద్వారా 8 శాతానికి చిక్కబరిస్తే లీటరు సిరప్‌కు 10.75 లీటర్ల గాఢ రసం సరిపోతుంది. ఆవిరి చేయాల్సిన నీరు పది లీటర్ల లోపే. నాలుగింట మూడు వంతులకు మించిన నీరు మంట ఎక్కకుండానే వెళ్లిపోయిందన్నమాట. ఇంకా ముందుకు వెళ్లి 16 శాతానికి చిక్కబరిస్తే? అదనంగా తగ్గేది ఐదు లీటర్ల పైచిలుకు మాత్రమే. మొదటి మెట్టులో లభించిన లాభం రెండో మెట్టులో లేదు. పైగా రసం చిక్కబడే కొద్దీ దాన్ని పొర గుండా నెట్టడానికి కావాల్సిన పీడనం పెరుగుతుంది. రెండు శాతం చక్కెర ద్రావణానికి ద్రవాభిసరణ పీడనం ఒకటిన్నర బార్ లోపే. ఎనిమిది శాతానికి ఆరు బార్లు. 20 శాతానికి పద్దెనిమిది దాకా. 66 శాతం వద్ద అది వంద బార్లను మించిపోతుంది. అందుకే ఆర్‌ఓ ఎంత మెరుగైనా పొయ్యిని పూర్తిగా తొలగించలేదు. మేపుల్‌కు ప్రత్యేకమైన రంగు, పరిమళం వచ్చేదీ ఆ పొయ్యి మీదే.

మంట లేకుండా నీటిని తొలగించాలన్న ఆలోచన ఈ అడవులకు కొత్త కాదు. ఈ విద్యకు ఆద్యులైన ఆదివాసీ జాతులు రాత్రి గడ్డకట్టిన రసం మీది మంచుపలకను తీసి పారేసేవారు. మంచులోకి ప్రధానంగా నీరే చేరుతుంది కాబట్టి అడుగున మిగిలిన రసం చిక్కబడేది. ఆధునిక పద్ధతికి మూలం మాత్రం సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే ప్రయత్నంలో ఉంది. 1960 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో సిడ్నీ లోబ్, భారత్‌లో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఆచరణయోగ్యమైన తొలి ఆర్‌ఓ పొరను రూపొందించారు. సౌరిరాజన్ ఆ తర్వాత కెనడా జాతీయ పరిశోధన మండలిలో చేరి ఒట్టావాలోనే తన కృషిని కొనసాగించారు. మేపుల్ సాగుదారులు 1970లలో ఈ యంత్రాలను వాడటం మొదలుపెట్టారు. మేపుల్ అడవుల నడుమ ఉన్న ఆ రాజధానిలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త పేరు నేటి షుగర్‌హౌస్‌లలో ఎందరికి తెలుసన్నది వేరే సంగతి.

తొలినాళ్లలో ఆర్‌ఓ కేవలం ఇంధనం ఆదా చేసే సాధనం. అది పాడైతే పాతపద్ధతిలో పచ్చి రసాన్నే మరిగించి గడిపేయవచ్చు. ఇప్పుడా వెసులుబాటు లేదు. ఈ మార్పును అర్థం చేసుకోవడానికి ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఐదు వేల కన్నాలు పెట్టిన తోటలో, రసం బాగా కారే రోజున ఒక్కో కన్నానికి నాలుగు లీటర్ల చొప్పున 20 వేల లీటర్లు వచ్చి చేరతాయి. గంటకు 400 లీటర్ల నీటిని ఆవిరి చేసే బాణలి మీద దాన్ని నేరుగా వండితే 49 గంటలు పడుతుంది. రెండో రోజూ రసం అలాగే కారితే? తొట్టెలు పొంగిపోతాయి; నిల్వ ఉన్న రసంలో సూక్ష్మజీవులు పెరిగి చక్కెర విచ్ఛిన్నమవుతుంది; సిరప్ నల్లబడి ధర తగ్గుతుంది. ఆర్‌ఓతో 8 శాతానికి చిక్కబరిస్తే అదే పని 11 గంటల్లో పూర్తవుతుంది. ఈ లెక్క మీద నమ్మకంతోనే సాగుదారులు కన్నాల సంఖ్యను పెంచుకుంటూ పోయారు. చెట్ల మధ్య ప్లాస్టిక్ గొట్టాలు పరచి, శూన్యపీడన పంపులతో రసాన్ని లాగడం మొదలుపెట్టారు. బాణలిని మాత్రం గాఢ రసానికి సరిపోయేంత పరిమాణానికే పరిమితం చేశారు. ఫలితంగా ఆర్‌ఓ నిలిచిపోతే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. పొదుపు కోసం వచ్చిన యంత్రం మొత్తం వ్యవస్థ బరువును మోసే ఏకైక స్తంభంగా మారింది. ఈ కోణం పరిశ్రమ చర్చల్లో తగినంతగా కనిపించదు.

అందుకే సీజన్ ముందరి సన్నాహం కేవలం మరమ్మతు పని కాదు, బీమా వంటిది. అందులో మొదటిది పొర స్థితిని తెలుసుకోవడం. పలుచని పాలీఅమైడ్ పొరను పొడవైన చుట్టలా చుట్టి, ఉక్కు గొట్టంలో బిగించి ఉంచుతారు. రసాన్ని దానిగుండా 250 నుంచి 500 పీఎస్‌ఐ పీడనంతో నెడతారు. మన కారు టైరులో ఉండే గాలి పీడనం 30 పీఎస్‌ఐ ప్రాంతమని గుర్తుచేసుకుంటే తీవ్రత తెలుస్తుంది. గత సీజన్ చివర ఈ పొరను క్షారపు సబ్బు ద్రావణంతో, అవసరమైతే ఆమ్లంతో కడిగి, సూక్ష్మజీవులు పెరగకుండా నిల్వ ద్రావణంలో ముంచి మూతపెట్టి ఉంటారు. చాలామంది పొరలను యంత్రాల విక్రేతలకే పంపి శుభ్రం చేయించి, పరీక్ష ఫలితంతో సహా తిరిగి తీసుకుంటారు. ఈ తొమ్మిది, పది నెలల నిల్వలో రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి ఎండిపోవడం, రెండోది గడ్డకట్టడం. తడి ఆరిన పొర మునుపటిలా నీటిని దాటనివ్వకపోవచ్చు. గడ్డకట్టిన పొరలో మంచు వ్యాకోచించి చీలికలు తెస్తుంది. పంపులో నీరు మిగిలి ఉంటే దాని తొడుగే పగులుతుంది. మైనస్ 25 డిగ్రీల చలిలో ఒక్క రాత్రి గది హీటర్ ఆరిపోతే చాలు.

పొరను గొట్టంలో తిరిగి అమర్చేటప్పుడు నష్టానికి దారితీసేవి ఎక్కువగా చవకైన భాగాలే. చుట్ట చుట్టూ ఉండే రబ్బరు ముద్ర ప్రవాహ దిశకు అనుగుణంగా ఉండాలి. తిరగబడితే రసం పొర లోపలికి పోకుండా పక్కనుంచి జారిపోతుంది. రెండు చివర్ల ఓ-రింగ్‌లు గీతలు పడినా, గట్టిపడినా కొత్తవి వేయాలి. వాటికి రాసే కందెన ఆహార పదార్థాలకు తగినదై ఉండాలి. గ్లిజరిన్ వాడటం పరిపాటి. పెట్రోలియం జెల్లీ వంటివి రబ్బరును, పొరను దెబ్బతీస్తాయి. పొరకు ముందుండే వడపోత గుళికలను మార్చాలి. ఆ తర్వాత పీడన మాపకాలు, ప్రవాహ మాపకాలు సరిగా చూపిస్తున్నాయో లేదో, విద్యుత్ సంధులు తుప్పుపట్టాయో లేదో చూడాలి. మాపకం తప్పు చూపిస్తే ఆపై తీసుకునే ప్రతి నిర్ణయమూ తప్పుతుంది కాబట్టి ఈ చిన్న పనిని ముందే ముగించడం మేలు.

తర్వాత వచ్చేది కడుగుడు. నిల్వ ద్రావణం ఆనవాలు లేకుండా, వాసన గానీ రుచి గానీ మిగలకుండా వందల లీటర్ల నీటితో పొరను కడగాలి. ఏ నీరు అన్నదే ఇక్కడ అసలు చిక్కు. పాలీఅమైడ్ పొరకు క్లోరిన్ ప్రబల శత్రువు. అది సోకితే పొర కోలుకోదు. కాబట్టి పట్టణ సరఫరా నీరు పనికిరాదు. బావి నీటిలో ఇనుము, కాల్షియం ఎక్కువైతే అవి పొర మీద పేరుకుంటాయి. పొర దాటిన శుద్ధజలమే అత్యుత్తమం; అయితే యంత్రం నడిస్తేనే ఆ నీరు వస్తుంది, ఆ నీరుంటేనే యంత్రం సిద్ధమవుతుంది. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టు ఉండే ఈ చిక్కును చాలామంది తొలి రసంతోనే విడదీస్తారు. మొదటి విడత రసాన్ని యంత్రం గుండా పంపి, వచ్చిన శుద్ధజలంతో పొరను కడిగి, ఆ తొలి గాఢ రసాన్ని పారబోస్తారు. పారబోయడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ నిల్వ ద్రావణం వాసన అంటిన ఒక తొట్టి రసం ఆ రోజు వండిన సిరప్ మొత్తాన్ని చెడగొట్టగలదు.

ఇక పరీక్ష. కొత్త పొర ఒక నిర్దిష్ట పీడనం వద్ద, నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద నిమిషానికి ఎంత శుద్ధజలాన్ని దాటనిచ్చిందో కొన్న రోజే రాసి ఉంచాలి. ఏటా సీజన్ ముందు అదే పరీక్షను తిరిగి చేసి రెండు అంకెలను పోల్చాలి. ఉత్తర అమెరికాలో సాధారణంగా 55 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 13 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణికంగా తీసుకుంటారు. నీరు చల్లబడే కొద్దీ చిక్కబడి, ఒక్కో డిగ్రీకి ప్రవాహం సుమారు మూడు శాతం తగ్గుతుంది. నాలుగు డిగ్రీల నీటితో చేసిన పరీక్షను సవరించకుండా పోల్చితే బాగున్న పొర కూడా పాతిక శాతం అరిగినట్టు కనిపిస్తుంది. సవరించిన తర్వాత కూడా సామర్థ్యం 85 శాతానికి దిగితే సబ్బుతో, ఆపై ఆమ్లంతో కడిగి మళ్లీ చూడాలి. ఫలితం మారకపోతే కొత్త పొర వేయాల్సిందే. మరో పరీక్ష ఇంకా సులువు: పొర దాటిన నీటిలో చక్కెర ఉందా? ఏ కాస్త తీపి తగిలినా ఎక్కడో రింగు జారింది, లేదా పొర చిరిగింది. ఆ నీటితో పాటు రాబడి కూడా కాలువలో కలిసిపోతున్నట్టే.

ఈ పనులన్నింటికీ కావాల్సింది రెండు, మూడు రోజుల వ్యవధి. ఆ వ్యవధే ఇప్పుడు కుదించుకుపోతోంది. శీతకాలాలు వేడెక్కే కొద్దీ రసం కారడం ముందుకు జరుగుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ శతాబ్దం చివరికి సీజన్ దాదాపు నెల రోజులు ముందుకు జరగవచ్చని, అనుకూల మండలం ఉత్తరానికి తరలవచ్చని 2019లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఫిబ్రవరి చివర మొదలవ్వాల్సిన ప్రవాహం జనవరి వెచ్చదనంలోనే ఒక వారం వచ్చి పోతే, పొర ఇంకా నిల్వ ద్రావణంలో ఉన్న సాగుదారు ఆ వారాన్ని కోల్పోతాడు.

ఒడుదొడుకులు అంకెల్లోనూ స్పష్టం. ప్రపంచ మేపుల్ సిరప్‌లో 70 శాతానికి పైగా క్యుబెక్ నుంచే వస్తుంది. అక్కడి ఉత్పత్తి 2022లో 21.1 కోట్ల పౌండ్లు; 2023లో 12.4 కోట్లకు పడిపోయింది, 2024లో 23.9 కోట్లతో రికార్డు సృష్టించింది. అదే అడవి, దాదాపు అవే యంత్రాలు, మూడేళ్లలో ఇంత తేడా. ఈ ఊగిసలాటను తట్టుకోవడానికే సాగుదారుల సమాఖ్య 2000 నుంచి వ్యూహాత్మక నిల్వను నిర్వహిస్తోంది. చమురు నిల్వల తరహాలో పీపాల్లో సిరప్‌ను దాచే ఈ ఏర్పాటు 2011-12లో సుమారు 3,000 టన్నుల సరకు దొంగతనానికి గురైనప్పుడు ప్రపంచం దృష్టికి వచ్చింది. 2021లో గిరాకీ పెరిగి 5 కోట్ల పౌండ్లను విడుదల చేయాల్సి వచ్చింది. 2024 ఆరంభానికి నిల్వ 69 లక్షల పౌండ్లకు, అంటే దాదాపు 3,100 టన్నులకు క్షీణించింది. ఒకప్పుడు దొంగల పాలైనంత సరకే ఆనాటికి మొత్తం నిల్వలో మిగిలింది. నిల్వ పలచబడినప్పుడు ఒక్కో షుగర్‌హౌస్‌లో వృథా అయ్యే ఒక్కో రోజుకూ విలువ పెరుగుతుంది.

యంత్రం మీద ఆధారపడటమంటే విద్యుత్తు మీద ఆధారపడటం కూడా. 2023 ఏప్రిల్ 5న దక్షిణ క్యుబెక్‌ను గడ్డకట్టే వాన ముంచెత్తింది. పది లక్షలకు పైగా వినియోగదారులకు విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. అది రసం కారే సీజన్ రోజులు. కట్టెల పొయ్యి మీద వండుకునే రోజుల్లో చీకటి పడితే లాంతరు చాలు. శూన్యపీడన పంపు, ఆర్‌ఓ, చమురు మంట బర్నర్ మూడూ విద్యుత్తుతోనే నడిచే చోట లాంతరుతో ఒరిగేదేమీ లేదు. జనరేటర్‌ను నెలకోసారి నడిపి చూడటం, ఆర్‌ఓ పంపు మొదలయ్యేటప్పుడు తీసుకునే అధిక విద్యుత్తును అది మోయగలదో లేదో ముందే పరీక్షించడం సన్నాహంలో భాగం కావాల్సిందే.

ఆర్‌ఓ వాడితే రుచి పోతుందన్న వాదన ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. బాణలి మీద తక్కువసేపు ఉంటే రంగు, పరిమళం తగ్గుతాయన్నది దాని సారాంశం. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రోక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం ఒకే రసాన్ని చిక్కబరచీ, చిక్కబరచకుండానూ వండించి చేసిన ప్రయోగాల్లో రుచి, కూర్పులలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రసం పొరలో ఉన్నంతసేపటి కన్నా, గాఢ రసం వండకుండా తొట్టెలో మిగిలిపోయిన గంటలే సిరప్‌కు ఎక్కువ చేటు చేస్తాయి. చక్కెర చిక్కబడిన ద్రవంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. దాన్ని కొద్ది గంటల్లోనే బాణలికి ఎక్కించాలి.

విధాన నిర్ణేతలు ఆలోచించాల్సింది మరొకటి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ గ్రామీణ ఇంధన పథకం కింద ఆర్‌ఓ యంత్రాల కొనుగోలుకు సాయం అందుతోంది. ఇంధన పొదుపు, కర్బన ఉద్గారాల తగ్గింపు దృష్ట్యా ఇది సమంజసమే. అయితే ఇలాంటి సాయానికి కొలమానం పొదుపైన చమురు. అదనపు పొర, జనరేటర్, గదిని వెచ్చగా ఉంచే ఏర్పాటు, పరీక్షలు నేర్పే శిక్షణ చమురును పొదుపు చేయవు కాబట్టి లెక్కలోకి రావు. విస్తరణ సేవల లోటు అక్కడ పెద్దగా లేదు. క్యుబెక్‌లోని అసేర్ కేంద్రం, కార్నెల్, వెర్మాంట్ విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా సాగుదారులకు పాఠాలు చెబుతున్నాయి. లోటల్లా డబ్బు వైపే ఉంది. పెద్ద సంస్థ రెండు యంత్రాలు పెట్టుకుని ఒకటి ఆగినా మరొకటి నడుపుకొంటుంది. రెండు వేల కన్నాల కుటుంబ తోటకు ఉండేది ఒకే యంత్రం, ఒకే పొర. మన పల్లెల్లో ఆర్‌ఓ మంచినీటి కేంద్రాలు ఆర్భాటంగా ప్రారంభమై, పొర మార్చే నిధుల్లేక మూతపడిన ఉదంతాలు ఎరిగినవారికి ఈ తర్కంలోని లోపాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

వీటికి తోడు సుంకాల చిక్కు వచ్చిపడింది. వెర్మాంట్ సాగుదారులు వాడే యంత్రాల్లో గణనీయమైన భాగం సరిహద్దు దాటి క్యుబెక్ నుంచే వస్తుంది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం కెనడా సరకుల మీద 25 శాతం సుంకం ప్రకటించి, కొద్ది రోజుల్లోనే త్రైపాక్షిక వాణిజ్య ఒప్పందానికి లోబడిన సరకులను మినహాయించింది. సిరప్ ఆ మినహాయింపు కిందికి వచ్చింది. ఉక్కు మీద విడిగా విధించిన సుంకం మాత్రం అదే ఏడాది జూన్‌లో 50 శాతానికి చేరింది. బాణలి నుంచి ఆర్‌ఓ గొట్టం దాకా షుగర్‌హౌస్‌లో దాదాపు ప్రతిదీ స్టెయిన్‌లెస్ స్టీలే. కొత్త యంత్రం ఖరీదు పెరిగితే సాగుదారు పాతదాన్నే మరో రెండేళ్లు లాగించాలని చూస్తాడు. అప్పుడు పాత పొరకు చేసే పరీక్ష మరింత కీలకమవుతుంది. మూడు దేశాల ఒప్పందం ఉమ్మడి సమీక్షకు నిర్దేశించిన తేదీ 2026 జూలై 1. మేపుల్ సాగుదారులు పొరలు కడిగి పక్కన పెట్టి, వచ్చే ఏటికి విడిభాగాలు తెప్పించుకునే కాలం కూడా సరిగ్గా అదే.